ఎక్కడమ్మా పడింది?

“ఎక్కడమ్మా పడింది?”

శనివారం, ఎండ ఇంకా నడినెత్తి మీదే ఉంది. మట్టి కోర్టు పక్కన నిలబడి కోచ్ మేడం ఈ ప్రశ్న అడగడం అది పదిహేనోసారో, ఇరవయ్యోసారో. పిడుగుకి లెక్క తప్పింది.

“లోపల మేడం,” అంది విసుగ్గా.

“లోపలంటే? గీతకి ఎంత దూరంలో?”

“జానెడు.”

“వెళ్ళి చూసి రా.”

పిడుగు నెట్ అవతలికి వెళ్ళి చూసింది. ఎర్రమట్టి మీద బంతి పడిన చోట కోడిగుడ్డు ఆకారంలో చిన్న గుర్తుంది. గీతకి జానెడు దూరంలో కాదు, మూరెడు దూరంలో. మేడం ఏమీ అనలేదు. ఏమైనా అంటే పిడుగు కూడా ఏదో ఒకటి అనేది. ఏమీ అనకపోయేసరికి ఇంకా ఒళ్ళు మండింది.

పిడుగు అనేది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. కోర్టులో ఈ మూల నుంచి ఆ మూలకి పరిగెత్తే వేగం చూసి క్లబ్బులో ఎవరో పెట్టారు. ఇంట్లోనూ అదే ఖాయమైపోయింది. వయసు పదకొండు. ఓడిపోవడం అంటే అస్సలు పడదు. కారమ్స్‌లో ఓడిపోయినా ఆ రోజు అన్నం మానేసే రకం.

క్లబ్బులో పాత కోచ్ మానేసి నెల అయింది. కొత్తగా ఇద్దరు వచ్చారు. పోటీలకి వెళ్ళే పిల్లల బ్యాచ్‌ని ఇద్దరిలో ఎవరికి అప్పగించాలో తల్లిదండ్రులు తేల్చాలి. రెండోవారిని జూనియర్ బ్యాచ్‌కి పెట్టుకోవాలా, అసలు వద్దా అన్నది కూడా అప్పుడే చూస్తారు. అందుకని ఇద్దరూ తలా మూడు రోజులు ఆడించి చూపించాలని సెక్రటరీగారు పెట్టారు.

మొదటి మూడు రోజులూ ఒక కుర్ర కోచ్ వచ్చాడు. బంతి గీత మీద పడితే “సూపర్” అనేవాడు. నెట్‌కి తగిలితే “సూపర్ ట్రై” అనేవాడు. బంతి గోడ దాటి పక్కింటి డాబా మీద పడినా “సూపర్ పవర్” అన్నాడు. పిల్లలు ఆయనకి సూపర్ సార్ అని పేరు పెట్టి, మూడు రోజులూ ఆయన చుట్టూనే తిరిగారు. పిడుగునైతే ఆయన ఏకంగా “ఛాంపియన్” అన్నాడు.

తర్వాత ఈ మేడం వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మందపాటి కళ్ళద్దాలు. పొగడదు, తిట్టదు. ప్రతి బంతికీ “ఎక్కడమ్మా పడింది?” అని మాత్రం అడుగుతుంది. మొదటిరోజు సాయంత్రానికే ఆమె పేరు ఎక్కడమ్మ అయింది.

“ఎక్కడమ్మ కాదు,” అంది లెఫ్టీ నీళ్ళ సీసా మూత తిప్పుతూ. “సూపర్ సార్ మనల్ని మునగచెట్టు ఎక్కిస్తారు. ఈవిడ దింపేస్తారు. దిగడమ్మ అనాలి.”

లెఫ్టీది ఎడంచేతి వాటం. పిడుగు వయసే. నిదానంగా నడుస్తుంది, నిదానంగా మాట్లాడుతుంది, ఆమె కొట్టిన బంతి మాత్రం ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలీదు. ఇద్దరూ మూడేళ్ళుగా ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని షూ లేసులు కట్టుకుంటున్నారు. పోటీ బ్యాచ్‌లో ఇంకొక్క చోటే ఖాళీ ఉంది. అది వాళ్ళిద్దరిలో ఒకరికే. ఆ మ్యాచ్ ఆ శనివారమే.

ముందు ఆరు గేములు ఎవరు గెలిస్తే వాళ్ళదే చోటు. అయిదు అయిదు అయింది. ఆఖరి గేమ్‌లోనూ ఇద్దరూ సమానమే. పిల్లల మ్యాచుల్లో సమానమైతే ఒక్క పాయింటుతోనే తేల్చేస్తారు. ఇక మిగిలింది అదే.

పిల్లల మ్యాచులకి అంపైర్ ఉండడు. ఎవరి వైపు బంతి పడితే, అది లోపలో బయటో వాళ్ళే చెప్పాలి. అవతలివాళ్ళు ఆ మాట ఒప్పుకోవాలి. అనుమానం ఉంటే వచ్చి మట్టిమీద గుర్తు చూడొచ్చు. అంతే, ఆటంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

లెఫ్టీ ఎడంచేత్తో ఒక్కటిచ్చింది. బంతి పిడుగు తల మీదుగా వెళ్ళి వెనక గీత దగ్గర పడింది. పిడుగు వెనక్కి తిరిగి చూసింది. గుర్తు గీతని తాకుతోంది. సగానికి పైగా గీత మీదే ఉంది. లోపలే.

“అవుట్,” అంది పిడుగు.

ఆ మాట తనే అన్నదని తెలిసేలోపే అనేసింది. లెఫ్టీ నెట్ దగ్గరికి వచ్చి, “నాకు లోపల పడినట్టు కనిపించింది. గుర్తు చూడనా?” అంది.

అప్పుడు పిడుగు రెండడుగులు వేసింది. షూ అడుగుతో నేలని అటూ ఇటూ రాసింది, జారకుండా కాలు సర్దుకుంటున్నట్టు. అంతే. ఎర్రమట్టి చదునైపోయింది.

మేడం చుట్టూ తిరిగి వచ్చింది. “ఎక్కడమ్మా పడింది?”

“బయట.”

“గుర్తేది?”

“నడుస్తుంటే... చెరిగిపోయింది మేడం.”

మేడం వంగి చూసింది. కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూసింది. తర్వాత నడుం సరిచేసుకుంది. “నీ వైపు పడిన బంతి. చెప్పాల్సింది నువ్వే. నువ్వు అవుటంటే అవుటే.”

లెఫ్టీ ఏడవలేదు. గొడవ పెట్టుకోలేదు. నెట్ మీదుగా చెయ్యి చాపి పిడుగుతో చెయ్యి కలిపింది. ఆ చెయ్యి చెమటతో తడిగా ఉంది. పిడుగు త్వరగా వదిలేసింది.

గేటు దగ్గర లెఫ్టీ వాళ్ళ నాన్న డ్యూటీ దిగి అదే యూనిఫాంలో నిలబడి ఉన్నాడు. ఆయన బస్సు డ్రైవర్. “అంత దగ్గర పడిన బంతి ఆవిడకి కనపడలేదా?” అన్నాడు పక్కనున్న వాళ్ళతో. “ఆ అద్దాలు చూస్తేనే తెలుస్తోంది. చూపు ఆనట్లేదు.”

పక్కవాళ్ళు తలలూపారు. ఆ మాట సాయంత్రానికి క్లబ్బంతా తిరిగింది. పిడుగు ఆ మాట వింది. విని, హమ్మయ్య అనుకుంది. ఇది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది గానీ, నిజంగా అలాగే అనుకుంది.

ఇంట్లో అమ్మ ఆమెని గట్టిగా పట్టుకుని, వెంటనే అమ్మమ్మకి ఫోన్ చేసింది. “నా మనవరాలా మజాకా,” అంది అమ్మమ్మ. పిడుగుకి ఆ రాత్రి అన్నం సహించలేదు. గెలిచి కూడా అన్నం మానేయడం ఆమెకి అదే మొదటిసారి.

ఆదివారం పిల్లలందరికీ చీటీలిచ్చారు. ఏ కోచ్ కావాలి, ఎందుకు, రెండు మాటలు రాయాలి. పేరు రాయక్కర్లేదు. పిడుగు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. మేడం వస్తే రోజూ ఆ ముఖం చూడాలి. రోజూ ఆ ప్రశ్న వినాలి. అది తన వల్ల కాదు.

“సూపర్ సార్ కావాలి. మేడంకి బంతి సరిగ్గా కనిపించదు,” అని రాసింది. చీటీని నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేసింది.

సోమవారం బడి అయ్యాక పిడుగు ఎప్పటిలాగే అమ్మ పనిచేసే షాపుకి వెళ్ళింది. అది కళ్ళద్దాల షాపు. అమ్మ అక్కడ చూపు పరీక్ష చేస్తుంది. అద్దాల ఫ్రేములు తగిలించిన స్టాండు ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. దాని వెనక చిన్న స్టూలు మీద కూర్చుని హోంవర్కు చేసుకోవడం పిడుగుకి అలవాటు.

మూడో లెక్కలో ఉండగా తలుపు గంట మోగింది. వచ్చిన గొంతు విని పిడుగు చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

“చూపు ఒకసారి పరీక్ష చేస్తారా అండీ?” అంది మేడం.

పిడుగు స్టూలు మీదే ముడుచుకుపోయింది.

అమ్మ మేడంని కుర్చీలో కూర్చోబెట్టింది. ఒక కన్ను మూసి, ఎదురుగా ఉన్న అక్షరాల పలక చదవమంది. మేడం పై వరుస చదివింది. రెండోది, మూడోది చదివింది. చీమ తలకాయలంత అక్షరాలున్న ఆఖరి వరుస కూడా తడుముకోకుండా చదివేసింది. రెండో కన్నుతోనూ అంతే.

“మీ అద్దాలు సరిగ్గానే ఉన్నాయి మేడం,” అంది అమ్మ. “చూపు నాకంటే బాగుంది. ఎందుకొచ్చింది మీకు అనుమానం?”

“టెన్నిస్ కోచ్‌ని. మొన్న ఒక బంతి లోపల పడినట్టు కనిపించింది. ఆడుతున్న పిల్ల బయట అంది. వెళ్ళి చూస్తే గుర్తు లేదు.” మేడం కొంచెం నవ్వినట్టుంది. “పిల్లని అనుమానించే ముందు నా కళ్ళని అనుమానించడం న్యాయం కదా అని వచ్చాను.”

పిడుగుకి తల కొట్టేసినట్టయింది. స్టాండుకున్న చిన్న అద్దంలో తన ముఖం కనిపించింది. చెవుల దాకా ఎర్రబడి ఉంది. చూడలేక స్టాండుని పక్కకి తిప్పింది. అటువైపూ అద్దమే ఉంది.

“టెన్నిసా? మా అమ్మాయి కూడా అక్కడే ఆడుతుంది,” అంది అమ్మ సంబరంగా. “పిడుగంటారు అందరూ. మొన్ననే పోటీ బ్యాచ్‌కి గెలిచింది.”

ఇప్పుడు చెప్పేస్తుంది, అనుకుంది పిడుగు. చెప్పేస్తేనే బాగుండు, అని కూడా అనుకుంది.

“మీ అమ్మాయా?” అంది మేడం. “కాళ్ళలో మంచి వేగం ఉందండీ.”

అంతే అంది. మళ్ళీ తలుపు గంట మోగింది. మేడం వెళ్ళిపోయింది.

అమ్మ స్టాండు వెనక్కి వచ్చింది. “ఇక్కడే ఉన్నావా? మీ మేడం వస్తే పలకరించవేమే? ఎవరే ఆ పిల్ల, అవుటని చెప్పింది?”

“తెలీదు,” అంది పిడుగు.

అమ్మ నమ్మేసింది. నమ్మి, పిడుగు జడ సర్ది, పరీక్ష కుర్చీ తుడవడానికి వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే పిడుగు అంత బాధపడేది కాదు.

బుధవారం సాయంత్రం క్లబ్బు హాల్లో మీటింగు. ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లిదండ్రులు, వెనక చాప మీద పిల్లలు. కోచ్‌లిద్దరూ గోడ పక్కన విడివిడిగా కూర్చున్నారు. సూపర్ సార్ కాలు ఊపుతున్నాడు. మేడం చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

సెక్రటరీగారు చీటీలు ఒక్కొక్కటే విప్పి చదివారు. సూపర్ సార్‌కి కొన్ని, మేడంకి కొన్ని వచ్చాయి. మేడంకి ఒకరు, “ఈవిడ అడిగాకే నేను బంతిని చూడటం మొదలుపెట్టాను,” అని రాశారు. అది లెఫ్టీ రాసిందేనని పిడుగుకి వెంటనే తెలిసిపోయింది.

తర్వాత నాలుగు మడతల చీటీ బయటికొచ్చింది.

“సూపర్ సార్ కావాలి. మేడంకి బంతి సరిగ్గా కనిపించదు.”

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ మాట రాసినప్పుడు చిన్నగా ఉంది. సెక్రటరీగారి గొంతులో హాలంతా పట్టేంత అయింది.

లెఫ్టీ వాళ్ళ నాన్న లేచాడు. “నేనూ అదే అంటున్నానండీ. మేడం బాగా నేర్పుతారు, కాదనను. నా కూతురు ఓడిందని కూడా కాదు. నాకే చూపు ఆనకపోతే బస్సిస్తారా? పోటీ బ్యాచ్ మాట అటుంచండి, జూనియర్లకి మాత్రం ఎలా పెడతాం?”

“ఆమె చూపు బాగుందండీ,” అంటూ అమ్మ లేచింది. “నేనే పరీక్ష చేశాను. ఆఖరి వరుస దాకా చదివారు.”

“మరి ఆ రోజు గుర్తేమైంది?” అన్నాడు ఆయన.

సెక్రటరీగారు మేడం వైపు చూశారు. “మీరేమంటారు?”

మేడం లేచి నిలబడింది. “ఆ రోజు గుర్తు నాకు దొరకలేదు. అది నిజమే,” అంది. పిడుగు వైపు చూడను కూడా చూడలేదు. మళ్ళీ కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

సెక్రటరీగారు ఆ చీటీని పక్కన పెట్టి, పెన్ను తీశారు.

పిడుగు లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలీదు. కాళ్ళలో మంచి వేగం ఉన్న పిల్ల కదా, ఆ నాలుగడుగులు వేయడానికి ఎంతసేపు పట్టిందో చెప్తే మీరు నమ్మరు. ముందుకొచ్చి నిలబడింది. అందరూ చూస్తున్నారు. అమ్మ కూడా చూస్తోంది.

“మట్టిమీద గుర్తు పడింది,” అంది చివరికి. “నేనే చెరిపేశాను. కాలితో.”

సూపర్ సార్ ఊపుతున్న కాలు ఆగింది.

“ఆ చీటీ కూడా నేనే రాశాను. మేడంకి కనిపిస్తుంది. నాకూ కనిపించింది.”

నేలలోకి కూరుకుపోతే బాగుండనిపించింది. కానీ హాలు నేల గట్టి సిమెంటు.

“ఎక్కడమ్మా పడింది?” అని అడిగింది మేడం. కోర్టులో అడిగే గొంతుతోనే.

“లోపల,” అంది పిడుగు. “గీత మీద.”

మేడం కళ్ళద్దాలు సర్దుకుంది. “నాకూ అలాగే కనిపించింది.”

“నాకూ,” అంది చాప మీంచి లెఫ్టీ. ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. పిడుగుకి నవ్వు రాలేదు. ఏడుపు మాత్రం బాగా వచ్చింది.

లెఫ్టీ వాళ్ళ నాన్న ఇంకా నిలబడే ఉన్నాడు. మేడం వైపు తిరిగి, “నేను తొందరపడి మాట తూలాను. ఏమీ అనుకోకండి,” అన్నాడు. మేడం తల పంకించింది.

ఆ తర్వాత ఎక్కువసేపు పట్టలేదు. పోటీ బ్యాచ్ మేడంకి. జూనియర్ బ్యాచ్ సూపర్ సార్‌కి. పోటీ బ్యాచ్‌లో ఖాళీ చోటు లెఫ్టీకి. పిడుగు మూడు నెలల తర్వాత మళ్ళీ ప్రయత్నించాలి, అప్పటిదాకా జూనియర్లతోనే ఆడాలి. సెక్రటరీగారు ఇవన్నీ మామూలు గొంతుతో చదివారు. పిడుగు అన్నీ నిలబడే వింది.

ఇంటికి నడుస్తుంటే అమ్మ వీధి మలుపు దగ్గర ఆగింది.

“బంతి సంగతి వాళ్ళు చూసుకున్నారు,” అంది. “షాపులో నన్ను చూసి తెలీదన్నావు చూడు. నేను చెయ్యి పెట్టి నీ జడ సర్దాను.”

“అమ్మా...”

“అమ్మమ్మకి నువ్వే ఫోన్ చెయ్యి. నేను చెయ్యను.”

పిడుగే చేసింది. ఆ ఫోన్‌లో ఏమందో, అమ్మమ్మ ఏమందో మనకెందుకు. ఫోన్ పెట్టేశాక అమ్మ అన్నం కలిపి పెడితే తింది. సగమే తింది గానీ, తింది.

జూనియర్ కోర్టులో మొదటివారం చాలా కష్టంగా గడిచింది. అందరూ ఆమె భుజం దాకా వచ్చే పిల్లలు. ఎవరో ఒకరు అమాయకంగా, “అక్కా, నిజంగా కాలితో చెరిపేశావా?” అని అడిగేవారు. “ఊఁ,” అనేది పిడుగు. ప్రతిసారీ చెవులు వేడెక్కేవి. లెఫ్టీ మాత్రం పాత బెంచీ మీదే కూర్చునేది, కాకపోతే మధ్యలో బ్యాగు పెట్టి. రెండోవారం ఆ బ్యాగు కింద పెట్టింది.

మూడోవారం ఒక సాయంత్రం పిడుగు రెండు జడల చిన్నపిల్లతో ఆడుతోంది. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. ఆ పాయింటు గెలిస్తే గేమ్ పిడుగుది. పోతే చిన్నపిల్లది.

చిన్నది రెండు చేతులతో రాకెట్ పట్టుకుని బలంకొద్దీ కొట్టింది. బంతి లేచి వెళ్ళి వెనక గీత దగ్గర పడింది.

“అవుట్. సూపర్ పిడుగూ, గేమ్ నీదే,” అన్నాడు సూపర్ సార్ నెట్ దగ్గర నుంచి. ఆయన ఉన్న చోటు నుంచి అలాగే కనిపించి ఉంటుంది. చిన్నది ముఖం వేలాడేసి అప్పటికే వెనక్కి తిరిగింది.

పిడుగు గుర్తు చూసింది. గోరంత భాగం గీతని తాకుతోంది. గోరంతే. అది ఆమెకి తప్ప ఎవరికీ కనిపించదు.

కుడికాలు దానంతటదే కొంచెం కదిలింది. పిడుగు ఆ కాలి వైపు ఒకసారి చూసి, వెనక్కి తీసుకుంది. రాకెట్ తిరగేసి పట్టుకుని వంగింది. పిడి చివరతో ఎర్రమట్టి మీద ఆ గుర్తు చుట్టూ నెమ్మదిగా ఒక సున్నా చుట్టింది.

“లోపల సార్,” అంది. “గీతని తాకింది. గేమ్ తనది.”

చిన్నదాని రెండు జడలూ ఎగిరాయి.

పక్క కోర్టులో మేడం ఇటు చూడలేదు. లెఫ్టీని “ఎక్కడమ్మా పడింది?” అని అడుగుతోంది. పిడుగు మట్టిమీద గీసిన ఆ సున్నాని తొక్కకుండా పక్కనుంచి నడిచి, తర్వాతి బంతి కోసం నిలబడింది.